డెడ్ టైమర్ మీద చెయ్యి వేసే ముందు

నెట్‌వర్క్ ఆపరేషన్స్‌లో పనిచేసేవాళ్లకు ఈ టికెట్ ఏదో ఒక రోజు వచ్చి తీరుతుంది. ఒక బ్రాంచిలో ప్రైమరీ లింకు పోయింది. బ్యాకప్ లింకు ఉంది, ట్రాఫిక్ దాని మీదికి మళ్లింది కూడా. కాకపోతే మళ్లడానికి ముప్ఫై నలభై సెకన్లు పట్టింది. ఆలోపు మాట్లాడుతున్న కాల్స్ తెగిపోయాయి, కౌంటర్ల దగ్గర స్క్రీన్లు గిర్రున తిరుగుతూ ఉండిపోయాయి. ‘అంత డబ్బు పోసి బ్యాకప్ పెట్టుకున్నది దేనికండీ?’ అని కస్టమర్ మెయిల్ పెడతాడు. మేనేజరు దాన్ని మీకు ఫార్వర్డ్ చేస్తూ పైన ఒక్క ముక్క రాస్తాడు: ఓఎస్‌పీఎఫ్ టైమర్లు తగ్గించండి.

చాలామంది అదే చేస్తారు. హలో 1, డెడ్ 4 అని కొట్టేసి టికెట్ మూసేస్తారు. కొన్నాళ్లకు ఇంకో టికెట్ తెరుచుకుంటుంది. ఈసారి లింకు బాగానే ఉంటుంది, నైబర్ మాత్రం పడుతూ లేస్తూ ఉంటుంది. టైమర్ తగ్గించడం తప్పని నేను అనను. అది వరుసలో ఆఖరున ఉండాల్సిన పని. పోయిన ఆ నలభై సెకన్లు ఎక్కడ పోయాయో తేల్చకుండా అంకెలు మారిస్తే, పాత ఫిర్యాదు అలాగే ఉండి కొత్తది తోడవుతుంది.

ముందు ఆ అంకెల సంగతి. ఓఎస్‌పీఎఫ్ నడిచే ప్రతి ఇంటర్‌ఫేస్ నుంచి రౌటర్ క్రమం తప్పకుండా హలో ప్యాకెట్ పంపుతుంటుంది. ‘నేను ఇన్ని సెకన్లకోసారి పంపుతాను, ఇన్ని సెకన్లు వినబడకపోతే పోయాననుకో’ అన్న రెండు అంకెలూ ఆ ప్యాకెట్‌లోనే ఉంటాయి. అందుకున్న రౌటర్ వాటిని తన ఇంటర్‌ఫేస్ మీది అంకెలతో పోలుస్తుంది. రెంటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ప్యాకెట్‌ను పారేస్తుంది. ఇక్కడ బేరాలు లేవు, మధ్యే మార్గం లేదు. సిస్కోలో బ్రాడ్‌కాస్ట్, పాయింట్-టు-పాయింట్ ఇంటర్‌ఫేస్‌లకు హలో 10, డెడ్ 40. నాన్-బ్రాడ్‌కాస్ట్, పాయింట్-టు-మల్టీపాయింట్ ఇంటర్‌ఫేస్‌లకు 30, 120.

ఇవి దేవుడు రాసిచ్చిన అంకెలేమీ కావు. జాన్ మాయ్ రాయగా 1998 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2328 అనుబంధంలో లాన్‌కు 10 సెకన్లు, ఎక్స్.25 నెట్‌వర్కుకు 30 సెకన్లు అని నమూనాగా ఇచ్చారు. డెడ్ ఇంటర్వల్ హలోకు కొన్ని రెట్లు, ఉదాహరణకు నాలుగు రెట్లు ఉండాలన్నారు. అప్పటి లింకులకు, అప్పటి ప్రాసెసర్లకు సరిపోయిన లెక్క అది. ఇవాళ్టి రౌటర్‌కు పది సెకన్లు చాలా ఎక్కువే. అలాగని ఒక సెకను ఎప్పుడూ సరైనదని కాదు.

ఇప్పుడు మీ ముందున్న స్క్రీన్ మీదే చూడండి. ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్’ కొడితే డెడ్ టైమ్ అని ఒక కాలమ్ వస్తుంది. డిఫాల్ట్ టైమర్లున్న లింకు మీద ఆ అంకె 39 నుంచి మెల్లగా దిగుతూ, 30 దగ్గరికి వచ్చేసరికి హలో అంది మళ్లీ 39కి ఎగురుతుంది. అదే కమాండ్‌ను కొన్ని సెకన్లకోసారి కొడుతూ ఒక నిమిషం గమనించండి. 25 కనబడిందంటే ఒక హలో రాలేదన్నమాట. 15 కనబడితే రెండు పోయాయి. నైబర్ ఇంకా ఫుల్‌లోనే ఉంటుంది, అలారం ఏదీ మోగదు, లాగ్‌లోనూ ఒక్క ముక్క ఉండదు. కానీ ఆ లింకు మీద హలోలు రాలిపోతున్నాయి. ఇలాంటి చోట డెడ్‌ను 4కి తెచ్చారంటే, ఇన్నాళ్లూ కనబడకుండా ఉన్న నష్టం రేపటి నుంచి అవుటేజ్‌గా కనబడుతుంది. టైమర్ మార్చమన్న ప్రతి టికెట్‌కూ నేను మొదట చేయించేది ఈ పరీక్షే. అదీ తెల్లవారుజామున కాదు, లింకు నిండుగా ఉండే వేళ.

ఇంకో చిన్న లెక్క. డెడ్ 40 అంటే ప్రతిసారీ నలభై సెకన్లు పోతాయని కాదు. ఆఖరి హలో అందిన వెంటనే లింకు చచ్చిపోతే నలభై పడుతుంది. తర్వాతి హలో రావడానికి క్షణం ముందు చచ్చిపోతే ముప్ఫైతో సరి. కస్టమర్ ఒకసారి ముప్ఫై రెండు, ఇంకోసారి ముప్ఫై తొమ్మిది అన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు. డెడ్ టైమర్ ముగిసి మళ్లిన లింకు అలాగే ఉంటుంది.

సెకన్లు ఎక్కడ పోయాయి

లాగ్ చదవడం వచ్చినవాళ్లకు సగం పని అక్కడే అయిపోతుంది. నైబర్ పడిన ప్రతిసారీ సిస్కో రౌటర్ కారణం కూడా రాస్తుంది. ‘ఇంటర్‌ఫేస్ డౌన్ ఆర్ డిటాచ్డ్’ అని ఉంటే పోర్టు పడిపోయింది, ఓఎస్‌పీఎఫ్‌కు ఆ సంగతి వెంటనే తెలిసింది. డెడ్ టైమర్‌కు ఇక్కడ పనే లేదు, దాన్ని తగ్గించి లాభమూ లేదు. ‘డెడ్ టైమర్ ఎక్స్‌పైర్డ్’ అని ఉంటే పోర్టు నిలబడే ఉంది, అవతలి మనిషే పలకలేదు. అసలు సమస్య ఇదే. ‘టూ మెనీ రీట్రాన్స్‌మిషన్స్’ అని ఉంటే టైమర్ల జోలికే వెళ్లకండి. అక్కడ ఎంటీయూ తేడానో, ఒకవైపు దారి మూసుకుపోవడమో చూడాలి.

పోర్టు ఎందుకు నిలబడి ఉంటుంది? రెండు రౌటర్ల మధ్య నేరుగా ఫైబర్ ఉంటే, ఫైబర్ తెగగానే వెలుతురు పోతుంది, పోర్టు పడుతుంది. కానీ బ్రాంచి లింకుల్లో అలా నేరుగా ఉండేవి తక్కువ. మధ్యలో ప్రొవైడర్ స్విచ్ ఉంటుంది, లేదా గోడకు తగిలించిన మీడియా కన్వర్టర్ ఉంటుంది. రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగినా, మీ రౌటర్‌కూ కన్వర్టర్‌కూ మధ్య ఉన్న మూరెడు రాగి తీగకు ఏమీ కాలేదు. అందుకే పోర్టు పచ్చగా వెలుగుతూ ఉంటుంది. డెడ్ టైమర్ ముగిసేదాకా రౌటర్ ప్యాకెట్లన్నిటినీ ఆ తెగిన దారిలోకే తోస్తుంది.

దీనికి మొదటి విరుగుడు రౌటర్‌లో లేదు, కన్వర్టర్‌లో ఉంది. చాలా కన్వర్టర్లలో లింక్ ఫాల్ట్ పాస్-త్రూ అనే సదుపాయం ఉంటుంది. ఫైబర్ వైపు వెలుతురు పోతే రాగి వైపు పోర్టును కూడా అది పడేస్తుంది. ఒక చిన్న డిప్ స్విచ్ పైకో కిందకో జరపడమే పని. అది ఆన్‌లో ఉందో లేదో లింకు ఇచ్చినవాళ్లను అడగండి. లింకు అప్పగించిన రోజు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ స్విచ్ సరిగ్గా ఉంటే నలభై సెకన్ల ఫిర్యాదు టైమర్ ముట్టుకోకుండానే తీరిపోవచ్చు.

పోర్టు పడినా మళ్లడం ఆలస్యమైతే ఇంకో రెండు చోట్ల చూడాలి. ఒకటి క్యారియర్ డిలే. పోర్టు పడిన సంగతిని పైకి చెప్పే ముందు రౌటర్ కాసేపు ఆగుతుంది. సిస్కో ప్లాట్‌ఫారాల్లో చాలావాటికి డిఫాల్ట్ 2 సెకన్లు. రెండోది ఎస్‌పీఎఫ్ థ్రాటిల్. కొత్త దారి లెక్కకట్టే ముందు ఎంతసేపు ఆగాలన్నది ఇది చెబుతుంది. పాత ఐఓఎస్ వెర్షన్లలో ఈ మొదటి విరామమే 5 సెకన్లు. డెడ్ టైమర్‌ను ఎంతో కష్టపడి 4కి దించి, ఎస్‌పీఎఫ్‌ను 5 దగ్గరే వదిలేసిన కాన్ఫిగ్‌లు ఇప్పటికీ కనబడతాయి. నైబర్ పోయిందని నాలుగు సెకన్లలో తెలుసుకుని, తర్వాత అయిదు సెకన్లు చేతులు కట్టుకుని కూర్చునే రౌటర్లు అవి.

లింకు తిరిగి వచ్చేటప్పటి ఆలస్యం గురించి కూడా ఫిర్యాదులొస్తాయి. ఈథర్‌నెట్ పోర్టు డిఫాల్ట్‌గా బ్రాడ్‌కాస్ట్ రకం కాబట్టి, లింకు లేవగానే డీఆర్ ఎన్నిక కోసం వెయిటింగ్‌లో ఉంటుంది. ఆ వెయిట్ టైమర్ డెడ్ ఇంటర్వల్‌తో సమానం, అంటే నలభై సెకన్ల దాకా. రెండే రౌటర్లున్న లింకు మీద ఈ ఎన్నిక శుద్ధ దండగ. నెట్‌వర్క్ టైప్‌ను పాయింట్-టు-పాయింట్‌గా మారిస్తే ఆ తతంగమే ఉండదు. హలో, డెడ్ అంకెలు కూడా 10, 40గానే ఉంటాయి.

కానీ మార్చేది రెండు వైపులా మార్చాలి. ఒకవైపు బ్రాడ్‌కాస్ట్, రెండోవైపు పాయింట్-టు-పాయింట్ ఉంటే టైమర్లు కలుస్తాయి, నైబర్ ఫుల్‌కు వస్తుంది, రూట్లు మాత్రం టేబుల్‌లోకి రావు. ఫుల్ అని చూసి అంతా బాగుందనుకుని బ్రిడ్జి కాల్‌లో గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎందరో. దీనికి అన్న లాంటిది డీఎంవీపీఎన్ టన్నెళ్లలో ఉంటుంది. హబ్‌ను పాయింట్-టు-మల్టీపాయింట్‌గా మార్చి, స్పోక్‌ను డిఫాల్ట్ పాయింట్-టు-పాయింట్‌గా వదిలేస్తారు. ఎవరూ టైమర్ ముట్టుకోలేదు. అయినా హబ్ 30, 120కి వెళ్లిపోయింది, స్పోక్ 10, 40 దగ్గరే ఉంది. ఇక నైబర్ రమ్మంటే రాదు.

తగ్గించక తప్పదంటే

పోర్టు పడే అవకాశం లేని లింకు, మధ్యలో ప్రొవైడర్ నెట్‌వర్కు, కస్టమర్‌కు ఒక సెకనులోపు మళ్లాలి. ఇలాంటి చోట హలో టైమర్‌ను కాదు, బీఎఫ్‌డీని వాడండి. ఎదుటి రౌటర్‌కు దారి బతికి ఉందా లేదా అని చూడటం ఒక్కటే దాని పని. డేవ్ కాట్జ్, డేవ్ వార్డ్ రాసిన ఈ ప్రోటోకాల్ 2010 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 5880గా వెలువడింది. ప్యాకెట్ చిన్నది, పెద్ద రౌటర్లలో లైన్‌కార్డే దాన్ని పంపి, అందుకుని, లెక్క చూసుకుంటుంది. అదే ఓఎస్‌పీఎఫ్ హలో అయితే ప్రతిదీ రూట్ ప్రాసెసర్ దాకా రావాల్సిందే.

సిస్కోలో ఫాస్ట్ హలో అని ఇంకో దారి ఉంది. డెడ్‌ను ‘మినిమల్’ అని పెడితే అది ఒక సెకనుకు వస్తుంది, ఆ సెకనులో ఎన్ని హలోలు పంపాలో 3 నుంచి 20 దాకా మల్టిప్లయర్‌తో చెప్పాలి. ఒకటీ అరా లింకులకు నడుస్తుంది. కానీ 200 నైబర్లున్న హబ్ రౌటర్‌ను ఊహించండి. డిఫాల్ట్ టైమర్లతో దానికి సెకనుకు 20 హలోలు వస్తాయి. సెకనుకు మూడేసి చొప్పున ఫాస్ట్ హలో పెడితే 600 వస్తాయి, అది తిరిగి 600 పంపాలి. ఎవరో ఒక పెద్ద షో కమాండ్ కొట్టినప్పుడో, బీజీపీ టేబుల్ అంతా ఒక్కసారి మారినప్పుడో ప్రాసెసర్ ఒక సెకను ఊపిరి సలపకుండా ఉంటే చాలు, బాగున్న లింకుల మీద కూడా నైబర్లు వరసపెట్టి పడతాయి. అవి పడినందుకు ఎల్‌ఎస్‌ఏలు, ఎస్‌పీఎఫ్ లెక్కలు. ఆ లెక్కల భారంతో ఇంకొన్ని హలోలు ఆలస్యం. ఇది మొదలైతే ఆపడం కష్టం.

రెండు సూపర్‌వైజర్లున్న ఛాసిస్‌లో ఇంకో చిక్కు. ఒకటి పోతే రెండోది పగ్గాలు అందుకునేదాకా నైబర్లను పడనీయకూడదనే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ పెట్టుకుంటాం. స్విచోవర్‌కు కొన్ని సెకన్లు కావాలి. డెడ్ ఒక సెకనే అయితే ఎదుటి రౌటర్ అంతదాకా ఆగదు. లక్షలు పోసి కొన్న రెండో సూపర్‌వైజర్‌ను ఒక్క లైను కాన్ఫిగ్‌తో వృథా చేసినట్టవుతుంది.

బీఎఫ్‌డీ అంకెలు ఎలా పెట్టాలి? ఇంటర్‌ఫేస్ మీద ‘బీఎఫ్‌డీ ఇంటర్వల్ 300, మిన్ ఆర్‌ఎక్స్ 300, మల్టిప్లయర్ 3’ అంటే 300 మిల్లీసెకన్లకో ప్యాకెట్, మూడు వరసగా రాకపోతే డౌన్. అంటే 900 మిల్లీసెకన్లు. ఇక్కడ ఓఎస్‌పీఎఫ్‌లా అంకెలు కలవాల్సిన పనిలేదు, రెండు వైపులా మాట్లాడుకుని తేల్చుకుంటాయి. హెడ్డాఫీసు రౌటర్ 300కోసారి పంపుతానంది. బ్రాంచిలోని చిన్న రౌటర్ 500కంటే వేగంగా అందుకోలేనంది. అప్పుడు హెడ్డాఫీసే తగ్గి 500కోసారి పంపుతుంది. హెడ్డాఫీసు చెప్పిన మల్టిప్లయర్ 3 కాబట్టి, అది పోయిందని బ్రాంచికి తెలియడానికి 1500 మిల్లీసెకన్లు పడుతుంది. మీరు 900 అనుకుని కస్టమర్‌కు మాట ఇచ్చేస్తే ఇరుక్కుంటారు. ‘షో బీఎఫ్‌డీ నైబర్స్ డీటెయిల్స్’లో కుదిరిన అంకె ఏదో చూసి అదే రాసివ్వండి.

కొత్తవాళ్లను తికమక పెట్టేవి మరికొన్ని ఉన్నాయి. సెషన్ లేచేదాకా ప్యాకెట్లు సెకనుకు ఒకటికి మించి పోకూడదన్నది నియమం, కాబట్టి మొదట్లో నెమ్మదిగా కనబడితే కంగారు పడకండి. పోర్టు మీద ఏసీఎల్ ఉంటే యూడీపీ 3784ను వదలాలి. ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్ 89 కాబట్టి దాన్ని వదిలిన ఏసీఎల్ దీన్ని అడ్డుకుంటుంది. ఇంటర్‌ఫేస్ మీద అంకెలు పెడితే సరిపోదు, ఓఎస్‌పీఎఫ్‌కు బీఎఫ్‌డీని వాడమని విడిగా చెప్పాలి. అది చెప్పక, సెషనే లేని బీఎఫ్‌డీని నమ్ముకుని నిశ్చింతగా ఉన్న నెట్‌వర్కులు తక్కువేమీ కావు.

50 మిల్లీసెకన్లు ఇంటూ 3 అని పెట్టాలన్న ఉబలాటం మాత్రం ఆపుకోండి. ప్రొవైడర్ రింగ్‌లో ఎక్కడైనా ఫైబర్ తెగితే వాళ్ల పరికరాలు 50 మిల్లీసెకన్లలోపు రెండోవైపు తిప్పుకునేలా కట్టి ఉంటాయి. వాళ్లు సరిచేసుకునేలోపు మీ రౌటర్ గగ్గోలు పెట్టకూడదు. మెట్రో ఈథర్‌నెట్‌కు 300 ఇంటూ 3 నాకు నచ్చిన అంకె. 4జీ మీది ఐపీసెక్ టన్నెల్‌కు సెకను ఇంటూ 5 కన్నా తక్కువకు దిగను.

వీశాట్ లింకుల మీద అసలు వేలు పెట్టకండి. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, పోయి రావడానికి అర సెకను దాటుతుంది. ఆ ఆలస్యం వల్ల హలోలు పోవు, ఆలస్యంగానే అయినా వరసగా వస్తాయి. నైబర్‌ను పడేసేది వర్షం. కేయూ బ్యాండ్ మీద జడివాన పడితే సిగ్నల్ కొన్ని సెకన్లు మాయమై మళ్లీ వస్తుంది. డెడ్ 40 ఉంటే ఆ కాసేపు ఓర్చుకుంటుంది. 4 ఉంటే వానాకాలమంతా మీ అలారం స్క్రీన్ ఎర్రగానే ఉంటుంది.

నిండిపోయిన లింకు మీద హలోలు రాలిపోతుంటే, టైమర్ పెంచి ఊరుకోవడం కూడా సరికాదు. హలో ప్యాకెట్లు ఐపీ ప్రిసిడెన్స్ 6 గుర్తుతో పోతాయి. మీ క్యూఓఎస్ పాలసీలో ఆ గుర్తుకు కాస్త బ్యాండ్‌విడ్త్ అట్టేపెట్టారా, ప్రొవైడర్ దాన్ని గౌరవిస్తున్నాడా అని చూడండి. అలాగే కంట్రోల్ ప్లేన్ పోలీసింగ్. హలోలు, పింగులు ఒకే క్లాసులో పడి ఉంటే, ఎవరో పింగులు గుప్పించినప్పుడు హలోలు కూడా పోతాయి.

మిగతా ప్రోటోకాళ్ల గురించి టూకీగా. ఈఐజీఆర్‌పీలో మామూలుగా హలో 5, హోల్డ్ 15. రెండు వైపులా ఒకేలా ఉండనక్కర్లేదు. నా ఇంటర్‌ఫేస్ మీద పెట్టిన హోల్డ్ నాకు వర్తించదు, ‘నా కోసం ఇంతసేపు ఆగు’ అని పొరుగువాడికి చెప్పేది అది. హలో మారిస్తే హోల్డ్ దానంతటది మారదు. హలోను 20 చేసి హోల్డ్‌ను 15 దగ్గర మరిచిపోతే నైబర్ పదిహేనో సెకనున పడి ఇరవయ్యో సెకనున లేస్తూ ఉంటుంది. ఐఎస్-ఐఎస్‌లో హలో 10, మల్టిప్లయర్ 3, అక్కడా కలవాల్సిన పనిలేదు. బీజీపీలో సిస్కోకు కీప్అలైవ్ 60, హోల్డ్ 180. జూనిపర్‌కు 30, 90. ఇద్దరిలో తక్కువ హోల్డ్ ఎవరిదో అదే చెల్లుతుంది. 3 సెకన్లకు తగ్గించడానికి లేదు, సున్నా పెడితే అసలు చూడనట్టే. బీజీపీ టైమర్లు సెషన్ మొదలయ్యేటప్పుడే కుదురుతాయి కాబట్టి, సెషన్ తెంపి మళ్లీ కట్టేదాకా కొత్త అంకె పనిచేయదు. చేంజ్ టికెట్‌లో ‘నో ఇంపాక్ట్’ అని రాసేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు ఒక మాట. అమీర్‌పేట నోట్సుల్లో ‘నైబర్ కావాలంటే ఏవేవి కలవాలి’ అన్న జాబితా ఉంటుంది. ఏరియా, టైమర్లు, ఆథెంటికేషన్, స్టబ్ ఫ్లాగ్, సబ్‌నెట్ మాస్క్ అని అందరూ గడగడా అప్పజెబుతారు. అడిగేవాడికి కావలసింది ఆ తర్వాతి మాట. టైమర్లు కలవకపోతే ప్యాకెట్‌నే పారేస్తారు కాబట్టి నైబర్ టేబుల్‌లో అసలు కనబడదు. ఇనిట్‌లో ఆగిందంటే అవతలివాళ్లు చెప్పేది మనకు వినబడుతోంది, మనది వాళ్లకు వినబడటం లేదు. ఎక్స్‌స్టార్ట్‌లో ఆగితే చాలావరకు ఎంటీయూ. టూవేలో ఉండటం డీఆర్ గానీ బీడీఆర్ గానీ కాని ఇద్దరి మధ్య మామూలే, అది జబ్బే కాదు. మాస్క్ పోల్చడం పాయింట్-టు-పాయింట్ లింకు మీద ఉండదు. ఎక్కడ ఆగిందో చూసి ఎందుకు ఆగిందో చెప్పగలిగినవాడికి, జాబితా ఒప్పజెప్పినవాడికి జీతంలో తేడా ఉంటుంది.

మార్చే రోజు

అన్నీ చూసుకున్నాక కూడా హలో టైమర్ మార్చాల్సిందే అనుకుందాం. ఎదుటి రౌటర్‌లో బీఎఫ్‌డీ లేదు, అది కొనే బడ్జెట్టూ లేదు. హలో 5, డెడ్ 20 చేయాలి. ముందు ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్’ అవుట్‌పుట్, నైబర్ అప్‌టైమ్, రూట్ల సంఖ్య నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి. రెండు రౌటర్ల కాన్ఫిగ్‌లో ఆ ఇంటర్‌ఫేస్ కింద ‘డెడ్-ఇంటర్వల్’ లైను ఇప్పటికే ఉందేమో వెతకండి. లేకపోతే హలో మార్చగానే డెడ్ నాలుగు రెట్లకు దానంతటదే మారుతుంది. ఎవరో పూర్వం రాసి ఉంచితే అది కదలదు, రెండూ విడివిడిగా మార్చాలి.

విండో సంగతి కూడా. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కస్టమర్ నెట్‌వర్కు చూసేవాళ్లకు ఈస్టర్న్ టైమ్ తెల్లవారుజామున 2 అంటే ఎండాకాలంలో మనకు ఉదయం 11:30, చలికాలంలో మధ్యాహ్నం 12:30. వాళ్లు గడియారం మార్చే వారాల్లో ఇది తప్పకుండా ఎవరికో ఒకరికి తప్పుతుంది.

అవతలి రౌటర్‌లోకి దాని లూప్‌బ్యాక్ అడ్రస్‌తో వెళ్లకండి. లూప్‌బ్యాక్‌కు దారి చూపేది ఓఎస్‌పీఎఫే, అది పడితే మీ సెషనూ పోతుంది. ఇవతలి రౌటర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి లింకు అవతలి చివరి అడ్రస్‌కు ఎస్‌ఎస్‌హెచ్ చేయండి. అది నేరుగా కలిసి ఉన్న సబ్‌నెట్. ఓఎస్‌పీఎఫ్ ఉన్నా లేకపోయినా ఆ సెషన్ నిలుస్తుంది. అవతలి వీటీవై ఏసీఎల్ ఆ లింకు అడ్రస్‌ను అనుమతిస్తుందో లేదో ముందురోజే చూసుకోవాలి. అక్కడ ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి. సేవ్ చేయమంటావా అని అడిగితే వద్దనండి. జూనిపర్ అయితే ‘కమిట్ కన్ఫర్మ్డ్’ ఉంది, రీబూట్ లేకుండానే పాత కాన్ఫిగ్‌కు వెనక్కి పోతుంది. ఈ విషయంలో వాళ్లదే మేలు.

ముందు దూరంగా ఉన్నది మార్చండి, వెంటనే రెండో కిటికీలో దగ్గరున్నది. దూరంగా ఉన్నది మారిన క్షణం నుంచి ఇద్దరూ ఒకరి హలోను ఒకరు పారేస్తుంటారు, కానీ డెడ్ టైమర్ ముగిసేదాకా నైబర్ పడదు. ఆలోపు రెండోవైపు కూడా కొట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కమాండ్లు టైపు చేస్తూ కూర్చోకుండా ముందే నోట్‌ప్యాడ్‌లో రాసి అతికించండి. వెనక్కి తిప్పాల్సి వస్తే ఇంత వెసులుబాటు ఉండదని గుర్తుంచుకోండి. డెడ్ 4 ఉన్న లింకును తిరిగి 40కి తెచ్చేటప్పుడు చేతిలో ఉండేది నాలుగు సెకన్లే, నైబర్ పడుతుందనే అనుకోవాలి. రోల్‌బ్యాక్ ప్లాన్‌లో ఆ మాట రాయండి. ఒకే వీల్యాన్ మీద అరడజను రౌటర్లుంటే ముందుకైనా వెనక్కైనా చేత్తో అందరినీ సమయానికి మార్చలేరు. డౌన్‌టైమ్ అడిగి తీసుకోండి.

తర్వాత ఒక నిమిషం డెడ్ టైమ్ కాలమ్ చూడండి. 19 నుంచి 15 మధ్య తిరుగుతుండాలి. రూట్ల సంఖ్య నోట్‌ప్యాడ్‌తో సరిచూసుకుని, రెండు చోట్లా సేవ్ చేసి, అవతలి రౌటర్‌లో ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టండి. అది కొట్టకుండా టికెట్ మూసి టీకి వెళితే, మీరు తిరిగొచ్చేసరికి ఆ రౌటర్ రీబూట్ అవుతూ ఉంటుంది.